ఒకే డిస్కు, మూడు డబ్బాలు: పీఎస్2 ఎమ్యులేటర్ మీద ప్రాసెసర్ తరాల పరీక్ష

ఏప్రిల్ 19, 2025, శనివారం

పొద్దున్నే గోదావరిఖని నుంచి పెద్దనాన్న కొడుకు ఫోన్. "తమ్మీ, సెకండ్ హ్యాండ్ల జియాన్ దొరుకుతుందిరా. ఎనిమిది కోర్లు, పదహారు థ్రెడ్లు. మస్తు సస్తగ ఇస్తున్నరు. పిల్లలకు సెలవులు అయిపోకముందే నా పీఎస్2 ఆటలన్ని దాంట్ల ఎక్కిద్దమనుకుంటున్న. తీసుకోమంటవా?"

అన్న దగ్గర పీఎస్2 (సోనీ ప్లేస్టేషన్ 2 ఆటల కన్సోల్) ఉంది. డిస్కు చదివే లేజర్ ఎప్పుడో పోయింది, డిస్కులు మాత్రం గీత పడకుండా కవర్లలో దాచుకున్నాడు. వాటిని కంప్యూటర్ మీద ఆడాలంటే ఎమ్యులేటర్, అంటే కన్సోల్‌లా నటించే ప్రోగ్రాం, కావాలి. ఆ జియాన్ నంబరు చెప్పమంటే ఇ5-2670 అన్నాడు. 2012లో వచ్చిన సర్వర్ ప్రాసెసర్ అది, శాండీ బ్రిడ్జ్ తరం. కోర్లంటే ప్రాసెసర్లో విడివిడిగా పనిచేసే భాగాలు, థ్రెడ్లంటే అవి ఒకేసారి నడిపే పనులు. మామూలు వేగం 2.6 గిగాహెర్ట్జ్, టర్బోలో, అంటే తనంతట తాను వేగం పెంచుకున్నప్పుడు, 3.3. వద్దే వద్దన్నాను.

"కోర్లు ఎక్కువుంటే ఫాస్ట్ గాదా మరి?"

కాదని చెప్పాను. ఎందుకు కాదో మాత్రం ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. రోజూ పది మందికి కంప్యూటర్లు బాగుచేసి ఇచ్చేవాణ్ని, ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. ప్రతిసారీ నోటిమాటతోనే సరిపెట్టాను. ఈసారి అంకెలతో చెప్పాలి. అందుకే ఈ డైరీ.

వరంగల్ కొత్తవాడలో మా ఇంటి పైగదిలో ఇప్పుడు మూడు డబ్బాలు, అంటే మూడు కంప్యూటర్లున్నాయి. మొదటిది ఏదో ఆఫీసు నుంచి వచ్చిన పాత మిషను, ఇంటెల్ ఐ5-3470, ఐవీ బ్రిడ్జ్ తరం, 2012. రెండోది కూడా ఇంటెలే, ఐ5-4590, హాస్వెల్ తరం. హాస్వెల్ 2013లో వచ్చింది, ఈ చిప్ ఆ మరుసటి ఏడాదిది. మూడోది నా సొంత మిషను, ఏఎండీ రైజెన్ 5 5600. అందులోని జెన్ 3 డిజైన్ 2020 చివర్లో వచ్చింది. మధ్యలో ఇంటెల్ స్కైలేక్ తరం ఒకటి ఉంటే బాగుండేది, చేతిలో లేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

అన్న తన కన్సోలు, డిస్కులు బస్సులో తెలిసినాయనతో పంపించాడు. లేజర్ పోయినా కన్సోల్ ఆన్ అవుతుంది. ఫ్రీ మెక్‌బూట్ అనే ప్రోగ్రాం ఉన్న మెమరీ కార్డు పెడితే డిస్కుతో పని లేకుండానే మెనూ వస్తుంది. అక్కణ్నుంచి బయోస్‌ని (కన్సోల్ లోపలుండే మొదటి ప్రోగ్రాం, ఎమ్యులేటర్‌కి ఇది కావాలి) పెన్‌డ్రైవ్‌లోకి దించుకున్నాను. డిస్కులకైతే మామూలు డీవీడీ డ్రైవే చాలు. మొత్తం ఏడు డిస్కులు దించాను, ఒక్కటీ మొరాయించలేదు. పదిహేనేళ్లకు పైగా దాచినవి. అన్నకి ఆ సంగతి చెబితే చాలా సంతోషపడ్డాడు.

పరీక్షకి ఒక కార్ రేసింగ్ ఆట ఎంచుకున్నాను. మొదటి మలుపు దగ్గర పన్నెండు కార్లు, దుమ్ము, వెనకాల జనం అంతా ఒకేసారి తెరమీదికి వస్తాయి. మనకి దొరికిన డిస్కులన్నీ పాల్ పద్ధతివి, అంటే సెకనుకి 50 ఫ్రేములు (బొమ్మలు). ఒక్కో ఫ్రేముకి 20 మిల్లీసెకన్లు. అమెరికా, జపాన్ డిస్కులైతే సెకనుకి దాదాపు 60, అంటే ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లే. పరికరం అదే అయినా డిస్కు ఏ దేశానిదో దాన్నిబట్టి గడువు మారుతుంది. ఇంకొకరి అంకెలతో పోల్చుకునేటప్పుడు దీన్ని చాలామంది మర్చిపోతారు.

ఏప్రిల్ 26, శనివారం

ఇవ్వాళ్టి కొలతలన్నీ చింపేశాను. ఒకే మిషను మీద, ఒకే మలుపు దగ్గర ఒకసారి 91 శాతం, ఇంకోసారి 78 (100 అంటే అసలు కన్సోల్ వేగం). ఇట్లాంటి అంకెలతో తరాలను ఏం పోలుస్తాం?

కారణాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. లినక్స్ కరెంటు పొదుపు చేస్తూ ప్రాసెసర్ గడియారాన్ని, అంటే దాని గిగాహెర్ట్జ్ వేగాన్ని, తగ్గిస్తూ పెంచుతూ ఉంది. టర్బో తనకి తోచినప్పుడు ఎక్కుతోంది. మొదటిసారి ఆడినప్పుడు షేడర్లు (బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాంలు) అప్పటికప్పుడు తయారవుతుంటాయి కాబట్టి అక్కడక్కడా ఆగుతుంది. ఆ మొదటి ఆట లెక్కలోకి రాకూడదు. పైగా ఆఫీసు డబ్బాలో ఒకటే ర్యామ్ స్టిక్ ఉంది, అంటే మెమరీకి ఒకటే దారి (సింగిల్ ఛానెల్). ఇంకో 4 జీబీ స్టిక్ వెతికి పెట్టాను.

ఇప్పుడు పద్ధతి ఇది. ఒకే ఎస్‌ఎస్‌డీ, ఒకే లినక్స్ మింట్, ఒకే పీసీఎస్‌ఎక్స్2 (పీఎస్2 ఎమ్యులేటర్). ఒకే గ్రాఫిక్స్ కార్డు, జీటీఎక్స్ 1050 టీఐ, మూడు డబ్బాల్లోకీ మారుతూ తిరుగుతుంది. (ఆఫీసు డబ్బా సన్నది, కార్డు లోపల పట్టదు. పక్క రేకు తీసేసి నిలబెట్టాను.) టర్బో బంద్. మూడూ 3.2 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగాలి. ఇంటెల్ మిషన్లకి లినక్స్‌లోనే హద్దు పెట్టాను, రైజెన్‌కి దాని మదర్‌బోర్డు బయోస్‌లో మల్టిప్లయర్ 32 పెట్టాను. ఒక్క ర్యామ్ మాత్రం కలవదు, పాత రెండూ డీడీఆర్3, కొత్తది డీడీఆర్4. అది తరంతో పాటే వచ్చే తేడా అని వదిలేశాను.

గడియారాలు కట్టేసి కొలవడమే ఈ పనికి ప్రాణం. అన్ని మిషన్లూ సెకనుకి అన్నే టిక్కులు కొడుతుంటే, వచ్చే తేడా అంతా ఒక్కో టిక్కులో ఎంత పని జరుగుతోందన్నదే.

ఏప్రిల్ 27, ఆదివారం

ఫ్రేమ్ లిమిట్ (100 దాటకుండా ఆపే హద్దు) తీసేసి, అదే సేవ్ నుంచి ఒక్కో మిషను మీద ఐదేసి సార్లు ఆడాను. మధ్య విలువలు:

ఐవీ బ్రిడ్జ్ 84 శాతం. హాస్వెల్ 101. జెన్ 3 149.

మళ్లీ చెబుతున్నా, మూడూ 3.2 గిగాహెర్ట్జే. డబ్బా మీద గిగాహెర్ట్జ్ చూసి కొనేవాళ్లకి ఈ ఒక్క వరుస చూపిస్తే చాలు. ఇవి నా డిస్కు, నా మలుపు దగ్గరి అంకెలు. ఇంకో ఆటలో ఇంకోలా వస్తాయి.

84 అంటే ఆట ఆగిపోదు, నీళ్లలో నడుస్తున్నట్టు మెల్లగా నడుస్తుంది. ముందు తెలిసేది చెవికి. ఇంజిన్ మోత గరగరమని తెగిపోతూ వస్తుంది. తెరమీద మూలన పీసీఎస్‌ఎక్స్2 చూపించే చిన్న అంకెల్లో అసలు కథ ఉంది. ఐవీ బ్రిడ్జ్ మీద ఆ మలుపు దగ్గర 'ఈఈ' (పీఎస్2 ప్రధాన ప్రాసెసర్ పని) అన్న వరుస 99 శాతానికి అంటుకుపోయింది. 'జీఎస్' (బొమ్మగీసే పని) 40 దగ్గర, 'వీయూ' (వెక్టర్ లెక్కల పని) 55 దగ్గర ఊగుతున్నాయి. నాలుగో కోర్‌కి అసలు పనే లేదు. నాలుగు కోర్లలో ఒకటి ఊపిరాడక కొట్టుకుంటుంటే, ఇంకోటి ఖాళీగా కూర్చుంది. అన్న కొందామనుకున్న జియాన్లో ఇట్లా ఖాళీగా కూర్చునేవి ఐదు ఉండేవి.

రాత్రి పడుకునే ముందు కాగితం మీద వేసిన లెక్క ఇది. పీఎస్2 గుండెకాయ ఎమోషన్ ఇంజిన్ (అదే ఈఈ), 294.912 మెగాహెర్ట్జ్. సెకనుకి 50 ఫ్రేములైతే, ఒక్క ఫ్రేములో దానికి దాదాపు 59 లక్షల టిక్కులు. మన 3.2 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కి అదే సమయంలో 6 కోట్ల 40 లక్షలు. భాగిస్తే, అది ఒక టిక్కు కొట్టేలోపు మనకి 11 టిక్కులు కూడా పూర్తిగా దొరకవు.

పదకొండు ఎక్కువేననిపిస్తుంది. కానీ ఆ ఒక్క టిక్కులో ఎమోషన్ ఇంజిన్ రెండు సూచనలు (ప్రోగ్రాంలోని చిన్న ఆజ్ఞలు) చేయగలదు. దాని పక్కనే వీయూ0, వీయూ1 అని రెండు వెక్టర్ యూనిట్లు వాటి లెక్కలు అవి చేసుకుంటుంటాయి. డిస్కు, శబ్దం, జాయ్‌స్టిక్ చూసుకునే ఇంకో చిన్న ప్రాసెసర్ వేరే. ఇవన్నీ అసలు కన్సోల్లో పక్కపక్కన నడిచేవి. ఎమ్యులేటర్ వీటిలో చాలావాటిని ఒకే థ్రెడ్‌లో వంతులవారీగా నడపాలి. పైగా పీఎస్2 దశాంశ లెక్కలు మన ప్రాసెసర్ల పద్ధతిలో ఉండవు, అందులో 'అనంతం' అనే విలువే లేదు. అందుకని లెక్క అయ్యాక ఫలితం హద్దు దాటిందా అని చూసి సరిచేసే సూచనలు అదనంగా పడతాయి. ఆ పదకొండు ఇట్టే కరిగిపోతాయి.

మే 1, గురువారం

సాయంత్రం బాపు పైకి వచ్చాడు. ఆయన నలభై ఏళ్లు జంపఖానాలు నేసిన మనిషి. తెర వంక కాసేపు చూసి, "ఒక్కటే పని చేస్తుంది, తక్కినయి కూసున్నయంటివి. వాటికి గూడ పంచరాదు?" అన్నాడు.

పంచుకోలేవు బాపూ, ముందటి లెక్క అయితేనే దాని తర్వాతి లెక్క ఏందో తెలుస్తుంది అన్నాను.

"గట్లనా. మగ్గం మీద గూడ అంతే. జంపఖాన వెడల్పు ఉంటె ఇద్దరు పక్కపక్కన కూసోవచ్చు, ఎవరి దిక్కు వాళ్లు నేస్తరు. మూడోడికి జాగుండదు. ఒక పేక కొట్టినంకనే ఇంకో పేక. పదిమందిని తెచ్చినా ముందుగాల మీదిది నెయ్యలేవు."

నేను ఇన్నేళ్లుగా చెప్పలేకపోయింది ఆయన రెండు నిమిషాల్లో చెప్పాడు. పీసీఎస్‌ఎక్స్2లో జరిగేది అచ్చంగా ఇదే. ఈఈ ఒక థ్రెడ్, బొమ్మగీసే జీఎస్ ఇంకో థ్రెడ్. ఎంటీవీయూ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే వీయూ1 మూడోది. పక్కపక్కన కూర్చోగలిగినవాళ్లు ముగ్గురే. ఆపైన ఎన్ని కోర్లున్నా ఆ ముగ్గురిలో అందరికన్నా ఎక్కువ పని మోసేవాడి చెయ్యి ఎంత చురుకన్నదే ఆట వేగం. అన్నకి ఫోన్ చేసి బాపు మాటే చెప్పాను. జియాన్ ఆలోచన మానుకున్నాడు.

మే 4, ఆదివారం

చెయ్యి చురుకన్నాం సరే, ఆ చురుకు ఎక్కణ్నుంచి వస్తుంది? ఇవ్వాళ పర్ఫ్ అనే పనిముట్టుతో ఈఈ థ్రెడ్ ఒక్కదాన్నే పట్టి చూశాను. ఒక టిక్కుకి సగటున ఎన్ని సూచనలు పూర్తవుతున్నాయో అది చెబుతుంది. ఐవీ బ్రిడ్జ్ మీద 1.4, హాస్వెల్ మీద 1.7, జెన్ 3 మీద 2.5. మొన్నటి 84, 101, 149ల పక్కన పెడితే దాదాపు అదే నిష్పత్తి. రెండు వేర్వేరు దారుల్లో కొలిస్తే ఒకే జవాబు రావడం ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. వారం రోజుల గందరగోళం తర్వాత మొదటిసారి నా కొలతల్ని నేను నమ్మాను.

తేడా ఒక్కచోటి నుంచి రాదు. ఎమ్యులేటర్ ఆటలోని కోడ్‌ని చిన్న చిన్న ముక్కలుగా మన ప్రాసెసర్ భాషలోకి మార్చి దాచుకుంటుంది. ముక్క అయిపోగానే తర్వాత ఏ ముక్కలోకి దూకాలో చాలాసార్లు అప్పుడే తేలుతుంది. ప్రాసెసర్ అంతదాకా ఆగదు, ఊహించి ముందుకి వెళ్తుంది. ఊహ తప్పితే చేసిన పనంతా పారేసి వెనక్కి రావాలి, పది పదిహేను టిక్కులకు పైగా నీళ్లలో పోసినట్టే. ఇట్లా ఎటు దూకాలో ఊహించడంలో హాస్వెల్ తన ముందు తరాలకన్నా బాగా మెరుగుపడింది. మామూలు ఆఫీసు పనిలో ఆ మెరుగు పెద్దగా కనిపించదు, ఎమ్యులేటర్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సూచనలు పంపే దారులు కూడా ఐవీ బ్రిడ్జ్‌లో 6, హాస్వెల్‌లో 8.

ఇంకోటి, చేతిలో పట్టుకోగల పని. ఒక సూచన మెమరీ కోసం ఎదురుచూస్తుంటే దాని వెనక ఉన్నవాటిలో చేయదగ్గవి ముందే చేసేయడానికి ప్రాసెసర్ ఒక వరుస పెట్టుకుంటుంది. ఐవీ బ్రిడ్జ్‌లో ఆ వరుసలో 168 సూచనలు పడతాయి, హాస్వెల్‌లో 192, జెన్ 3లో 256. ఇంటెల్ 12వ తరం పెద్ద కోర్లలో ఏకంగా 512. దానితో పాటు ఎల్3 క్యాష్ (చిప్ మీదే ఉండే వేగమైన చిన్న మెమరీ): నా పాత రెండింటిలోనూ 6 ఎంబీ, 5600లో 32 ఎంబీ. పీఎస్2 ప్రధాన మెమరీ మొత్తం కలిపితేనే 32 ఎంబీ. అది చూసినప్పుడు కాసేపు అట్లాగే కూర్చుండిపోయాను. 2000లో ఒక కన్సోల్‌కి ఉన్న ర్యామ్ అంత జాగా ఇవ్వాళ ప్రాసెసర్ చిప్ మీదే ఉంది.

ఏవీఎక్స్2 (ఒకేసారి చాలా అంకెల మీద లెక్క చేసే సూచనలు) వల్లే హాస్వెల్ గెలిచిందని చాలామంది అంటారు. కార్డు మీద బొమ్మ గీయించినప్పుడు ఈ ఎమ్యులేటర్ విషయంలో అది నిజం కాదు, ఈఈ థ్రెడ్‌కి దానితో పెద్ద పని లేదు. సాఫ్ట్‌వేర్ రెండరర్ పెట్టి బొమ్మని కూడా ప్రాసెసర్ చేతే గీయిస్తే అప్పుడు పనికొస్తుంది. అది కూడా చూశాను. అక్కడ కోర్లు కూడా నిజంగా అక్కరకొస్తాయి, గీసే పనిని ముక్కలు చేసి పంచవచ్చు కాబట్టి. రైజెన్ మీద అదనపు థ్రెడ్లు పెంచేకొద్దీ జీఎస్ భారం దిగింది. నాలుగు కోర్ల మిషను మీద అదే అత్యాశ చేస్తే ఆ థ్రెడ్లు ఈఈకి అడ్డుపడి మొత్తం వేగమే పడిపోయింది.

ఎమ్యులేటర్ మారితే లెక్క మారుతుంది. నింటెండో గేమ్‌క్యూబ్, వీ (Wii) కన్సోళ్ల ప్రాసెసర్లు పవర్‌పీసీ జాతివి, బైట్లను మన ప్రాసెసర్లకి తిరగేసిన వరుసలో పెట్టుకుంటాయి. వాటి ఎమ్యులేటర్ డాల్ఫిన్ ప్రతి మెమరీ చదువుకీ ఆ బైట్లను తిప్పాలి. చదువుతూనే తిప్పే మూవ్‌బీఈ అనే సూచన ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోకి హాస్వెల్‌తోనే వచ్చింది. పీఎస్3 సంగతి ఇంకా వేరు. దాని సెల్ ప్రాసెసర్లో ఆటలకి దొరికే ఎస్‌పీయూలు (పక్క ప్రాసెసర్లు) ఆరు, అన్నీ ఒకేసారి నడుస్తాయి. అందుకే దాని ఎమ్యులేటర్ ఆర్‌పీసీఎస్3కి కోర్లు కావాలి, ఏవీఎక్స్-512 ఉంటే ఇంకా మేలు. అది ఏఎండీలో 2022 నాటి జెన్ 4 నుంచి ఉంది. ఇంటెల్ 12వ తరం నుంచి ఇంటి ప్రాసెసర్లలో తీసేసింది. మా ఇంట్లో పీఎస్3 లేదు కాబట్టి అటు పోలేదు.

మే 11, ఆదివారం

కట్టేసిన గడియారాలు విప్పేశాను. అన్నకి కావాల్సింది మామూలుగా ఆడినప్పుడు ఎంత వస్తుందన్నది. టర్బోతో ఐవీ బ్రిడ్జ్ 89, హాస్వెల్ 110. రైజెన్ 4.4 గిగాహెర్ట్జ్ దాకా ఎక్కి 192 చూపించింది. గడియారం లెక్క ప్రకారం 205 రావాలి. ర్యామ్ వేగం గడియారంతో పాటు పెరగదు కదా, ఆ తేడా అక్కడ పోయింది.

110 చాలు, హాస్వెల్ డబ్బా అన్నకి ఇచ్చేద్దామని నిర్ణయించుకున్నాను. మధ్యాహ్నం గంటసేపు ఆగకుండా ఆడి చూశాను. బయట 43 డిగ్రీలు. పైగది మీద రేకులు. ఇరవై నిమిషాలకి ఇంజిన్ మోత గరగరమంది. తెరమీద 88 శాతం.

ప్రాసెసర్ వేడి 100 డిగ్రీలకి చేరి, 3.5 దగ్గర ఉండాల్సిన గడియారం 2.8కి దిగిపోయింది. ఒక తరం ముందుకి దూకి సంపాదించిన లాభమంతా ఒక్క ఎండ పూటలో పోయింది. కూలర్ విప్పి చూస్తే థర్మల్ పేస్ట్ ఎండిపోయి గోడ సున్నంలా పెచ్చులు పెచ్చులుగా ఉంది. మధ్యలో, చిప్‌కి సరిగ్గా నడినెత్తిన, రూపాయి బిళ్లంత చోట అసలు పేస్టే లేదు. ఈ మిషను అమ్మినాయన సర్వీసు చేసే ఇచ్చానన్నాడు. ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము దూదిలా పేరుకుని ఉంది, ఎవరూ ముట్టుకోలేదని దాన్ని చూస్తేనే తెలుస్తుంది.

పాత పేస్ట్ గీకి, స్పిరిట్‌తో తుడిచి, కొత్తది బియ్యపు గింజంత పెట్టి బిగించాను. ఫ్యాన్ కడిగాను. అదే గదిలో, అదే ఎండలో మళ్లీ గంట ఆడాను. వేడి 81 దాటలేదు, 110 అట్లాగే నిలబడింది. మన దగ్గర, అందులోనూ రామగుండం దిక్కు, ఎండాకాలంలో పాత ప్రాసెసర్ వేగం కొలవాలంటే మధ్యాహ్నమే కొలవాలి. పొద్దుగాల కొలిచిన అంకెల్ని నేనైతే ఇక నమ్మను.

మే 18, ఆదివారం

అన్న పెద్దోణ్ని వెంటబెట్టుకుని పొద్దున బస్సుకే దిగాడు. ఏడు డిస్కుల్లో ఆరు హాస్వెల్ మీద హాయిగా ఆడాయి. బాబు మొదటి మలుపు దగ్గర మూడు సార్లు గుద్దేశాడు, నాలుగోసారి దాటాడు. అన్న వాడి వెనక నిలబడి తెరవంక కాకుండా వాడివంకే చూస్తున్నాడు.

ఏడో డిస్కు దగ్గర చిక్కు వచ్చింది. అందులో వానలో రాత్రి పూట సాగే ఒక ఘట్టం ఉంది. అక్కడ 93 దగ్గర ఊగుతోంది. రైజెన్ మీద అదే చోట 160 పైన ఉంది.

"ఏదో సెట్టింగ్ ఉంటది గదా తమ్మీ?" అన్నాడు అన్న.

ఉంది. ఈఈ సైకిల్ రేట్‌ని 75 శాతానికి దించితే, ఎమోషన్ ఇంజినే మెల్లగా నడుస్తోందని ఎమ్యులేటర్ ఆటని నమ్మిస్తుంది. మన ప్రాసెసర్ మీద భారం తగ్గుతుంది. పెట్టి చూశాను, మూలన అంకె వెంటనే 100 అయ్యింది. కానీ వాన జారే తీరు మారిపోయింది. ఆట లోపల సెకనుకి కొత్తగా తయారయ్యే బొమ్మలు సగానికి పడ్డాయి. తెర సెకనుకి 50 సార్లు మారుతున్నా, ఒక్కో బొమ్మ రెండేసి సార్లు వస్తోంది. 100 అన్న ఆ అంకె అక్కడ అబద్ధం. అన్నకి రెండూ పక్కపక్కన చూపించాను.

"గిట్లైతే వద్దు. నేను ఆడినప్పుడు గిట్ల లేకుండె," అన్నాడు.

ఆ సెట్టింగ్ తీసేశాను. ఎంటీవీయూ ఆ ఒక్క ఆటకి బంద్ ఉంది, ఎందుకో చూసుకోలేదు. ఆన్ చేస్తే 97కి వచ్చింది. మిగతా మూడు శాతం ఆ పాత చిప్ నుంచి పిండలేను. ఐ7-4790 అదే బోర్డులో కూర్చుంటుంది, టర్బో 4.0 గిగాహెర్ట్జ్ దాకా ఎక్కుతుంది. అందులో ఎక్కువగా ఉన్న నాలుగు థ్రెడ్లు నాకక్కర్లేదు, ఆ గడియారం కావాలి. హన్మకొండ చౌరస్తా దిక్కు పాత సామాను దుకాణాల్లో ఇద్దరికి చెప్పి పెట్టాను. అప్పటిదాకా ఏడో డిస్కు ఇక్కడే నా రైజెన్ మీద ఉంటుంది. మిగతా ఆరూ డబ్బాతో పాటు అన్న సాయంత్రం బస్సుకి తీసుకెళ్లాడు. కొత్త పేస్ట్ ట్యూబ్ ఒకటి డబ్బా లోపలే టేపుతో అంటించి పంపాను.